తాళము సరే, తాళపుచెవి ఎవరి వద్ద?

విలువైన వస్తువును పెట్టెలో పెట్టి తాళము వేయుట అందరికీ తెలిసిన పనియే. ఆ తాళపుచెవిని ఎక్కడ దాచవలెను, ఇంటిలో ఇంకెవరికి చెప్పి ఉంచవలెను అన్నది మాత్రము అంత తేలికగా తేలు విషయము కాదు. ఎవరికీ చెప్పకున్నచో ఒకనాడు ఆ పెట్టె ఇంటివారికే పనికిరాకుండా పోవును. అందరికీ చెప్పినచో తాళము వేసియు ప్రయోజనము లేదు. నేడు వైద్యుల కంప్యూటర్లలో రోగుల రికార్డులకు వేయుచున్న తాళములు ఇనుపవి కావు, గణితముతో చేసినవి. ఇనుప తాళము కన్న అవి ఎన్నో కోట్ల రెట్లు గట్టివి. అందుచేతనే వాటి తాళపుచెవిని గూర్చిన ప్రశ్న కూడ అన్ని రెట్లు ముఖ్యమైనది.

ఈ తాళములను నిందించుట నా ఉద్దేశము కాదు. వాటిని తయారుచేయువారు, కొనువారు, తరగతిలో వాటిని గూర్చి పాఠము చెప్పువారు అడుగక విడిచిన ప్రశ్న ఒకటి ఉన్నది. పాఠము చెప్పువారిలో నేనును ఒకడను గనుక ఈ విమర్శలో కొంత భాగము నాకే తగులును.

మా ఇంట జరిగినది

మా నాన్నగారి గుండెలో మిట్రల్ కవాటము చెడిపోగా వైద్యులు దాని స్థానములో లోహపు కవాటము అమర్చినారు. లోహము తగిలినచోట రక్తము గడ్డకట్టుటకు చూచును. ఆ గడ్డ మెదడుకు పోయినచో పక్షవాతము వచ్చును. అది రాకుండుటకు వార్ఫరిన్ అను మందును జీవితాంతము వాడవలెను. ఈ మందు కత్తిమీద సాము వంటిది. తక్కువైనచో గడ్డ, ఎక్కువైనచో రక్తస్రావము. అందుచేత ఐ.ఎన్.ఆర్. అను రక్తపరీక్ష చేయించి, ఆ అంకె ఇట్టి రోగులలో సాధారణముగా 2.5కు, 3.5కు నడుమ ఉండునట్లు మోతాదును సరిచేయుచుందురు. ఒకరికి సరిపోయిన మోతాదు మరియొకరికి సరిపోదు. ఆకుకూరలలోని విటమిన్ కె, మధ్యలో వాడిన ఇతర మందులు, వయస్సు, అన్నియు దానిని మార్చును. కనుక ఇట్టి రోగికి తన పాత మోతాదుల చరిత్రయే ఒక మందుతో సమానము.

మా ఊరి డాక్టరుగారు ఆ చరిత్రను తొమ్మిది సంవత్సరములు శ్రద్ధగా వ్రాసిపెట్టినారు. మొదటి నాలుగేండ్లు నోటుపుస్తకములో, తరువాత ఒక క్లినిక్ సాఫ్ట్‌వేరులో. రోగుల విషయములు బయటికి పొక్కరాదని ఆయనకు పట్టుదల. అందుకే రికార్డులన్నియు గుప్తలిపిలో ఉంచు సాఫ్ట్‌వేరును ఏరి కొన్నారు. ప్రతి రాత్రి దాని నకలును ఇంకొక డిస్కులోనికి ఎక్కించెడివారు. రెండేండ్ల క్రిందట ఒక తెల్లవారుజామున ఆయన నిద్రలోనే కన్నుమూసినారు.

పది దినముల తరువాత మోతాదుల పట్టిక కొరకు వెళ్ళినాను. కాంపౌండరు దిగులుగా చెప్పినాడు: “మాస్టారూ, కంప్యూటరు బాగానే ఉన్నది. నకలు తీసిన డిస్కూ బాగానే ఉన్నది. తెరిచే మాట ఒక్కటే అయ్యగారితో పోయింది.” డాక్టరుగారి భార్య ఆయన డైరీలన్నియు తిరగవేసి చూచినారు, దొరకలేదు. సాఫ్ట్‌వేరు అమ్మిన సంస్థకు ఫోను చేయగా అవతలి యువకుడు మర్యాదగానే సమాధానము చెప్పినాడు: “మా ప్రాడక్టు గొప్పతనమే అది సార్. పాస్‌వర్డు లేకపోతే మేము కూడా తెరవలేము.” అతడు అబద్ధమాడలేదు. ఆ మాట ఎంత నిజమో భౌతికశాస్త్రము చదివిన నాకు వెంటనే తెలిసినది.

మిగిలినది నోటుపుస్తకము. అందులోని ఎర్రసిరా అక్షరములు స్పష్టముగా ఉన్నవి గాని, అవి అయిదేండ్ల నాటివి. కొత్త వైద్యుడు మోతాదు వెదకుటను మొదటినుండి ప్రారంభించినారు. రెండు నెలలు వారము వారము రక్తపరీక్ష. ఒకసారి ఐ.ఎన్.ఆర్. 5 దాటి నాన్నగారికి చిగుళ్ళనుండి రక్తము కారినది. పెద్ద ప్రమాదము తప్పినది. అయినను ఆ రాత్రి మేల్కొని కూర్చున్నప్పుడు నాకు కలిగిన ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము. రికార్డు పోలేదు, చెడిపోలేదు, ఎవరును దొంగిలించలేదు. అయినను లేదు. ఇది ఎట్టి భద్రత?

ఈ తాళము ఎట్లు పనిచేయును?

దీనిని తరగతిలో బలపము, పలకతోనే చూపవచ్చును. నాలుగు దినముల మందు మోతాదులు మిల్లీగ్రాములలో 3, 4, 3, 5 అనుకొందము. మన రహస్యపు చెవి 2, 7, 1, 8. రెండింటిని వరుసగా కూడవలెను. మొత్తము పది దాటినచో ఒకట్ల స్థానములోని అంకెను మాత్రమే ఉంచుకొనవలెను. 3కు 2 కలుపగా 5. 4కు 7 కలుపగా 11, అనగా 1. 3కు 1 కలుపగా 4. 5కు 8 కలుపగా 13, అనగా 3. కాగితముమీద నిలుచునది 5143. చెవి తెలిసినవాడు తిరిగి తీసివేసి 3435ను రాబట్టును. తెలియనివానికి 0000 మొదలు 9999 వరకు పదివేల జవాబులును ఒక్కటే. ఏది ప్రయత్నించినను ఏదో ఒక మోతాదు వచ్చును. అది మన రోగిదో కాదో చెప్పుటకు 5143లో ఏ గుర్తును లేదు.

నేడు ఎన్‌క్రిప్షన్ అని అందరు పిలుచునది దీనికి ఎంతో పెరిగిన రూపము. దానిని ఇక్కడ గుప్తీకరణము అందము. ఎక్కువగా వాడుకలో ఉన్న పద్ధతి ఏ.ఇ.ఎస్. అనునది. బెల్జియము దేశీయులు యోన్ డామెన్, విన్సెంట్ రైమెన్ దీనిని రూపొందించగా అమెరికా ప్రభుత్వ ప్రమాణముల సంస్థ 2001లో ఆమోదించినది. దీని పద్ధతిలో రహస్యమేమియు లేదు. పుస్తకములలో ఎవరైనను చదువుకొనవచ్చును. ఇది 1883లో ఆగస్ట్ కెర్కాఫ్స్ అను పండితుడు చెప్పిన సూత్రము: యంత్రము శత్రువు చేతిలో పడినను, చెవి పడనంతవరకు రహస్యము నిలువవలెను. అనగా బలమంతయు చెవిలోనే ఉన్నది. ఈ వాక్యమును తలక్రిందులు చేసి చదివిన మన కథ వచ్చును: చెవి పోయినచో, యంత్రము మన చేతిలో ఉన్నను రహస్యము మనకు దక్కదు.

ఎంత కాలము ప్రయత్నించిన దక్కును? విద్యార్థులు ఈ లెక్క స్వయముగా చేసి చూడవచ్చును. ఏ.ఇ.ఎస్.లో చిన్న చెవియే 128 బిట్లది. 2ను 128 సార్లు వేసి గుణించగా వచ్చునన్ని చెవులు సాధ్యము. అది సుమారు 34 తరువాత 37 సున్నలు గల సంఖ్య. క్షణమునకు, అనగా సెకనుకు, లక్ష కోట్ల చెవులను వేసి చూచు యంత్రమున్నదనుకొందము. అన్నియు చూచుటకు పట్టు కాలము సుమారు 1 తరువాత 19 సున్నలు గల సంవత్సరములు. విశ్వము వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరములు. అనగా విశ్వము వయస్సుకు డెబ్బదికోట్ల రెట్లకు పైమాట. పూర్వపు ప్రమాణమైన డి.ఇ.ఎస్.లో చెవి 56 బిట్లది మాత్రమే. మన ఊహాయంత్రము దానిని 20 గంటలలో ముగించును. ఊహతో పని లేకుండ 1998లోనే ఒక యంత్రమును కట్టి 56 గంటలలో ఆ చెవిని కనుగొన్నారు.

ఇచ్చట పలువురికి ఒక పొరపాటు కలుగును. ఈ-మెయిలు పాస్‌వర్డు మరచినచో సంస్థవారు కొత్తది ఇచ్చుచున్నారు గదా, ఇదియు అట్లే ఇవ్వరాదా అని. రెండింటికి చాల భేదమున్నది. ఈ-మెయిలు పాస్‌వర్డు సాధారణముగా ద్వారమువద్ద కావలివానికి చెప్పు గుర్తుమాట వంటిది. మాట మరచినచో మనమెవరమో వేరొక విధముగా రుజువు చేసికొన్న పిమ్మట కావలివాడు లోనికి పోనిచ్చును. గుప్తీకరణములో కావలివాడే లేడు. పాస్‌వర్డునుండియే చెవి తయారగును. బ్రతిమాలుటకు గాని, రుజువులు చూపుటకు గాని అక్కడ మనుష్యులు లేరు. అంకెలు మాత్రమే ఉన్నవి. బ్యాంకు లాకరు చెవి పోయినచో రుసుము తీసికొని, కంపెనీ మనిషిని పిలిచి రంధ్రము పొడిపించి తెరిపింతురు. గణితమునకు రంధ్రము పొడుచు బరమా ఇంకను ఎవరు చేయలేదు.

తాళము అక్కరలేదా?

ఇది చదివి, నోటుపుస్తకమే మేలని కొందరు అనవచ్చును. నేను అనను. ఆ నోటుపుస్తకము క్లినిక్ బల్లమీద ఉన్న కాలములో దానిని ఎవరెవరు తిరగవేసి ఉందురో చెప్పలేము. చిన్న ఊళ్ళలో ఒక యువతి మానసిక వైద్యుని చూచినదన్న వార్తయో, ఒకరికి క్షయ ఉన్నదన్న వార్తయో వీధి దాటినచో దాని ఫలితమేమో మనకు తెలియనిది కాదు.

ఫిన్‌లాండ్ దేశములో వస్తామో అను మానసిక చికిత్సా సంస్థ ఉండెడిది. అది దాచిన రికార్డులను దొంగలు అపహరించినారు. 2020 అక్టోబరులో ఆ సంగతి బయటపడినది. సుమారు 33 వేలమంది తమ చికిత్సకులతో ఏకాంతమున చెప్పుకొన్న మాటలు అందులో ఉన్నవి. ఆ రికార్డులకు గుప్తీకరణము లేదు. డబ్బు ఇవ్వనిచో మీ మాటలను లోకమునకు వెల్లడి చేసెదనని నేరస్థుడు ఒక్కొక్క రోగికి విడివిడిగా ఉత్తరము పంపినాడు. సంస్థ 2021లో దివాలా తీసినది. 2024లో నేరస్థునికి ఆరేండ్లకు పైగా కారాగారశిక్ష పడినది. గాని, వెల్లడియైన మాట తిరిగి రహస్యము కాలేదు.

కనుక తాళము కావలెను. విమర్శ తాళముమీద కాదు. “గుప్తీకరణము ఉన్నది” అను ఒక్క మాటతో భద్రతను గూర్చిన విచారణ ముగిసినదని తలచుటమీద. ఆ ఒక్క మాట వెనుక ఎన్ని భిన్నమైన స్థితులు దాగియుండునో కొన్ని ఉదాహరణములతో చూతము.

ఒక మాట, నాలుగు స్థితులు

మొదటిది, తాళమే బూటకమగుట. అమెరికాలో దంతవైద్యులు వాడు డెంట్రిక్స్ జి5 అను సాఫ్ట్‌వేరు 2012లో వెలువడినది. పరిశ్రమలో ప్రమాణముగా ఎంచు గుప్తీకరణము తమ సరకులో ఉన్నదని దాని ప్రకటనలు చెప్పినవి. నిజమునకు అందులో వాడినది ఏ.ఇ.ఎస్. కాదు, అంతకన్న బలహీనమైన ఒక మరుగు పద్ధతి. 2013లో నిపుణుల సంస్థ దానిని గూర్చి హెచ్చరిక ప్రకటించినది. ఆ పద్ధతిని తయారుచేసినవారే అటుపిమ్మట దానికి ‘మారువేషము’ అను అర్థము వచ్చు పేరు పెట్టుకొన్నారు. 2016 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ ప్రకటనలు దంతవైద్యులను తప్పుదారి పట్టించినవని ఆరోపించినది. అమ్మిన సంస్థ రెండున్నర లక్షల డాలర్లు చెల్లించుటకు, కొనుగోలుదారులకు నిజము తెలియజేయుటకు ఒప్పుకొని రాజీపడినది. ఆ నడుమ ఎందరో దంతవైద్యులు తమ రికార్డులు భద్రముగా ఉన్నవని నమ్మి నిద్రపోయినారు. బయటినుండి చూచువానికి బూటకపు తాళము, నిజమైన తాళము ఒక్క తీరుననే కనబడును.

రెండవది, తెరచు అధికారము అమ్మినవాని చేతిలో ఉండుట. 2014లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున ఒక చిన్న వైద్యశాలకును, దాని సాఫ్ట్‌వేరు సంస్థకును రుసుము విషయమై తగవు వచ్చినది. సంస్థ దూరమునుండియే దారి మూసివేసినది. సుమారు నాలుగువేలమంది రోగుల రికార్డులు వారి వైద్యులకు అందకుండ పోయినవి. తగవులో న్యాయమెవరిదైనను, నష్టపోయినది తగవుతో సంబంధము లేని రోగి. ఇట్టి ఫిర్యాదులు పెరిగిన పిదప 2016 డిసెంబరులో అమెరికా చేసిన ఒక చట్టము వైద్య సమాచారమును అడ్డగించుటను నిషేధించినది. అట్లు చేసిన సాఫ్ట్‌వేరు సంస్థకు ఒక్కొక్క ఉల్లంఘనమునకు పది లక్షల డాలర్ల వరకు జరిమానా వేయవచ్చును.

మూడవది, తాళము దొంగయే వేయుట. 2022 నవంబరు 23న ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థలో కంప్యూటర్లు పనిచేయుట మానినవి. దుండగులు లోనికి చొరబడి అయిదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల సమాచారమును తమ చెవితో గుప్తీకరించినట్లు ప్రభుత్వము పార్లమెంటులో తెలిపినది. రోగుల నమోదు, చేర్పు, పరీక్షల ఫలితములు తిరిగి కాగితముమీదికి వచ్చినవి. దొంగ వాడిన గణితమును, మనము రక్షణకై వాడు గణితమును ఒక్కటే అన్న సంగతి విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. అక్కడ కాపాడినది గొప్ప తాళము కాదు. దాడి సోకని ఒక నకలు సర్వరు. దానినుండియే సమాచారమును తిరిగి నిలిపినారు. అప్పటికిని ముఖ్యమైన పనులు సాగుటకు సుమారు రెండు వారములు పట్టినది.

చెవి దొరికినంతమాత్రమున కష్టము తీరదని ఐర్లండు అనుభవము చెప్పుచున్నది. 2021 మే 14న ఆ దేశపు ప్రజారోగ్య వ్యవస్థమీద ఇట్టి దాడియే జరిగినది. ఆరవనాటికి దుండగులే చెవిని ఉచితముగా ఇచ్చివేసినారు. అయినను సర్వర్లన్నిటిని విప్పి నిలుపుటకు సెప్టెంబరు వరకు పట్టినది. నాలుగు నెలలు! చేతిలో చెవి ఉండుట వేరు, ఆ చెవితో తెరచు పని ముందుగా అభ్యసించి ఉండుట వేరు.

నాలుగవది మా డాక్టరుగారి స్థితి. తాళము నిజమైనది, అమ్మినవాడు మోసగాడు కాడు, దొంగ రాలేదు, నకళ్ళు ఉన్నవి. చెవి ఒక్క మనిషి జ్ఞాపకములో మాత్రమే ఉన్నది. వార్తలకెక్కునవి మొదటి మూడే. నాలుగవది ఏ పత్రికలోను రాదు. క్లినిక్ తలుపు మూసివేయుదురు, డిస్కు అటకమీదికి పోవును, రోగులు వేరొక వైద్యుని వెదకికొందురు.

నకలు తీసినంత మాత్రమున చాలునా?

మన దేశమున 2002లో వెలువడిన వైద్యవృత్తి నియమముల ప్రకారము వైద్యుడు ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులను మూడేండ్లు ఉంచవలెను. రోగి అడిగినచో 72 గంటలలోగా ఇవ్వవలెను. ఆ నియమములు వ్రాయునాటికి రికార్డు అనగా బీరువాలోని కాగితమే. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది; దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. వాటిలో ముఖ్యమైనవి 18 నెలల గడువు తరువాత అమలగునట్లు ఏర్పాటు చేసినారు. సమాచారమును గుప్తీకరణము వంటి ఉపాయములతో కాపాడవలెనని అవి చెప్పుచున్నవి. అంతటితో ఆగక, సమాచారము అందకుండ పోయినప్పుడు పని సాగుటకు నకళ్ళవంటి ఏర్పాట్లు ఉండవలెననియు చెప్పుచున్నవి. రహస్యము, అందుబాటు అను రెండు కాళ్ళు గుర్తించుట మెచ్చదగినది.

కాని, ఆ వాక్యములలో చెవిని గూర్చిన మాట లేదు. మా ఊరి కథ తెలుపునది అదియే. తాళము వేసిన పెట్టెను పది నకళ్ళు తీసినచో పది తాళములు వచ్చును. పది చెవులు రావు. డాక్టరుగారు ప్రతి రాత్రి శ్రద్ధగా తీసినది తాను తప్ప ఇంకెవరును తెరవలేని పెట్టె నకలునే. డిస్కు చెడిపోవుటనుండి అది కాపాడినది. మనిషి చనిపోవుటనుండి కాపాడలేదు. డిస్కులకన్న మనుష్యులు నమ్మదగినవారని మనము ఎందుకు తలచితిమో నాకు తెలియదు.

ఇక తరగతి గదిలో నా తప్పు. గుప్తీకరణమును గూర్చి ఏటేట పాఠము చెప్పినాను. విశ్వము వయస్సు లెక్క వేసి చూపినాను, విద్యార్థులు ఆశ్చర్యపోయినారు, నేను సంతోషించినాను. “ఈ తాళము విరుగునా?” అన్నదే మా ప్రశ్న. “దీని యజమాని రేపు లేకున్నచో?” అని నేను అడుగలేదు, వారును అడుగలేదు. విరుగని తాళము అన్నది సగము పాఠము. విరుగదు గనుకనే చెవి విషయమున ముందే ఏర్పాటు ఉండవలెనన్నది మిగిలిన సగము.

సరళరేఖ చెప్పు ఉపాయము

దీనికి పరిష్కారము కష్టమైనది కాదు, ఖర్చుతో కూడినది అంతకన్న కాదు. మంచి సాఫ్ట్‌వేరు రికార్డులకు ఒక పెద్ద చెవితో తాళము వేయును. ఆ పెద్ద చెవిని ఒక చిన్న పెట్టెలో పెట్టి, ఆ చిన్న పెట్టెకు వైద్యుని పాస్‌వర్డుతో తాళము వేయును. ఇట్టి చిన్న పెట్టెలు రెండు ఉండవచ్చును, మూడు ఉండవచ్చును. ఒక్కొక్కదానికి వేరువేరు పాస్‌వర్డు. రికార్డులను తాకనక్కరలేదు. విండోస్ కంప్యూటర్లలో బిట్‌లాకర్ అను ఏర్పాటు ఈ రీతినే 48 అంకెల మారుచెవిని తయారుచేసి, దానిని విడిగా భద్రపరచుకొమ్మని కోరును. అట్టి ఒక్క కాగితము డాక్టరుగారి బీరువాలో ఉన్నచో ఈ వ్యాసము వ్రాయు పని ఉండెడిది కాదు.

మారుచెవి ఉన్నచో దొంగకు రెండవ ద్వారము తెరచినట్లు కాదా అని సందేహము కలుగవచ్చును. న్యాయమైన సందేహమే. దేశములోని వైద్యులందరి మారుచెవులను ఒక సంస్థ వద్దనో, ఒక కార్యాలయములోనో కూడబెట్టినచో, దొంగ ఆ ఒక్కచోటికే పోవును. నేను కోరునది అది కాదు. 1979లో ఆది షమీర్ అను ఇస్రాయేలు గణితశాస్త్రజ్ఞుడు ఇందుకు చక్కని ఉపాయము చెప్పినాడు. దాని సారము పదవ తరగతి విద్యార్థికి అందుబాటులోనే ఉన్నది.

గ్రాఫు కాగితముమీద రెండు బిందువులను ఇచ్చినచో వాటిగుండా ఒక్క సరళరేఖయే పోవును. ఒక్క బిందువునే ఇచ్చినచో దానిగుండా లెక్కలేనన్ని రేఖలు పోవును. మన రహస్యము 7 అనుకొందము. నిలువు అక్షమును 7 వద్ద తాకుచు, కుడివైపునకు ఒక గడి జరిగినప్పుడెల్ల మూడు గడులు పైకెక్కు రేఖను గీయుదము. దానిపై 1 వద్ద ఎత్తు 10, 2 వద్ద 13, 3 వద్ద 16. ఇప్పుడు (1, 10) అను బిందువును వైద్యునికి, (2, 13)ను ఆయన కుటుంబములో ఒకరికి, (3, 16)ను ఊరిలో నమ్మకస్థుడైన మరియొక వైద్యునికి ఇత్తము. ఏ ఇద్దరు కలిసినను రేఖ గీయవచ్చును. అది నిలువు అక్షమును ఎక్కడ తాకునో చూచి 7ను చదువుకొనవచ్చును. ఉదాహరణకు మొదటివాడు లేకున్నను, రెండవ, మూడవ వారు చేరి 13, 16ల భేదము 3 అని కనుగొని, వెనుకకు రెండడుగులు వేసిన 7 వచ్చును. ఒక్కడే అయినచో అతని బిందువుగుండా పోవు రేఖ అక్షమును ఎక్కడనైనను తాకవచ్చును. అతనికి రహస్యమేమియు తెలియదు. వాడుకలో దీనిని మామూలు అంకెలతో గాక శేషగణితముతోను, ఎంతో పెద్ద సంఖ్యలతోను చేయుదురు. భావము మాత్రము ఇదియే.

ఒక్కరికి అధికారము లేదు, ఒక్కరి మరణముతో నష్టము లేదు. కొన్ని దేవాలయములలో హుండీ తెరచునప్పుడు చెవులు వేరువేరు చేతులలో ఉండుటలో ఉన్నదియు ఇట్టి వివేకమే. షమీర్ పద్ధతి అంతకన్న ఒక మెట్టు పైది. అక్కడ అందరును రావలెను, ఇక్కడ ఏ ఇద్దరైనను చాలును.

కొనువారు అడుగవలసినవి

సాఫ్ట్‌వేరు ప్రకటనలలో “సైనికస్థాయి రక్షణ” అను మాట తరచుగా కనబడును. సైన్యములో సంకేతపుచెవులను ఎవరికి ఇచ్చినారు, ఎప్పుడు మార్చినారు, ఎప్పుడు తిరిగి పుచ్చుకొన్నారు అన్నదానికి లెక్క ఉండును. ప్రకటనలు తాళమును మాత్రము సైన్యమునుండి తెచ్చినవి, చెవుల లెక్కను తేలేదు. కనుక ఏ క్లినిక్‌కైనను సాఫ్ట్‌వేరు కొనునప్పుడు ఈ నాలుగు ప్రశ్నలకు వ్రాతపూర్వకముగా సమాధానము పుచ్చుకొనుట మంచిది.

మొదట, వాడిన గుప్తీకరణ పద్ధతి పేరేమి? పేరు చెప్పలేని పద్ధతి డెంట్రిక్స్‌లోని మారువేషము కావచ్చును. రెండవది, చెవులు ఎన్ని, ఎవరెవరివద్ద ఉండును? వైద్యుడు ఒక్కడే అన్నను, సంస్థ ఒక్కటే అన్నను సమాధానము తప్పే. మూడవది, సాఫ్ట్‌వేరు మానుకొన్ననాడు రికార్డులన్నిటిని ఏ కంప్యూటరులోనైనను చదువదగిన రూపములో బయటికి తీసికొనవచ్చునా? చెవి ఉన్నను, చదువుటకు ఆ ఒక్క సాఫ్ట్‌వేరే దిక్కైనచో అది రెండవ తాళమే. నాలుగవది, నకలునుండి తిరిగి తెరచి చూచినది చివరిసారి ఎప్పుడు? తెరచి చూడని నకలు ఉన్నదో లేదో తెలియని నకలు. సంవత్సరమునకు ఒకసారియైనను, వైద్యుడు లేనట్లు ఊహించుకొని, మిగిలినవారు తెరచి చూడవలెను. ఐర్లండు నాలుగు నెలలలో నేర్చినది ఈ అరపూట అభ్యాసముతో నేర్వవచ్చును.

రోగి కూడ చేయదగినది ఒకటి ఉన్నది. మందుల పేర్లు, మోతాదులు, పడని మందులు, చివరి పరీక్షల అంకెలు ఒక చిన్న కార్డుమీద వ్రాసి తన వద్ద ఉంచుకొనుట. తన రికార్డుకు మొదటి హక్కుదారు తానే గదా. ఆ కార్డు తనతోనే ఉండును గనుక ఊరికంతటికి వెల్లడి కాదు. ఏ పాస్‌వర్డును అడుగదు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. గుప్తలిపి పాఠము చెప్పినప్పుడు, విద్యార్థులచే ఒక వాక్యమును గుప్తలిపిలో వ్రాయించి, చెవులను ఒక కవరులో పెట్టించి, ఆ కవరును ఒక్కరిచేత దాచిపెట్టించండి. వారము తరువాత ఆ విద్యార్థి బడికి రానినాడు, మిగిలినవారిని ఆ వాక్యములను చదువమనండి. ఆ నాటి నిశ్శబ్దము చెప్పు పాఠము నేను పదేండ్లలో చెప్పలేకపోయినది.

నాన్నగారి చొక్కా జేబులో ఇప్పుడు మడత పెట్టిన అట్ట ఒకటి ఉన్నది. కొత్త వైద్యుడు ప్రతిసారి కంప్యూటరులో వ్రాసిన పిమ్మట అందులోను వ్రాయును. ఆయన కంప్యూటరుకు గట్టి తాళమున్నది. దాని మారుచెవి రెండు భాగములై రెండు ఇండ్లలో ఉన్నది. ఏ ఇండ్లలోనో నాకు చెప్పలేదు, నేను అడుగలేదు. ఉన్నదని తెలియుట నాకు చాలును.